చుక్క పెట్టి పిలిస్తే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తగారు చుట్టాలందరికీ ముందే చెప్పి ఉంచింది. అబద్ధమేమీ కాదు. అలాగే చదరపు బ్రాకెట్లన్నా నాకు ఒళ్ళు మంట. ఈ గొడవంతా ఆ బ్రాకెట్ల దగ్గర మొదలైంది, దానికి నా నోరు తోడయింది.

మాది చీపురుపల్లి, రైల్వే స్టేషన్ వెనక వీధి. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే రూబీలో ప్రోగ్రాములు రాస్తుంటాను. బుధవారం బుధవారం మా ఇంటికి ఎండు చేపలు పట్టుకుని నీలవేణి వచ్చేది. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ పేట. అక్కడి నుంచి రెండు బస్సులు మారి రావాలి. యాభై దాటిన మనిషి, మాట గట్టి, చూపు ఇంకా గట్టి. నేను ‘అప్పా’ అని పిలిచేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటాం. మా అత్తగారితో మాటలయ్యాక నా గదిలోకి తొంగిచూసి నేను చేసే పనిని ఓ నిమిషం పరికించి వెళ్ళేది.

పోయిన వేసవిలో ఒకరోజు అలా చూస్తూ అడిగింది. “అమ్మీ, ఇందల ఏటి రాసినా నిలుస్తాదేటి?”

“నిలుస్తుంది అప్పా. ఏం రాస్తావు?”

“పడవల్లోకి ఎవులెక్కినారో, ఎంతమంది ఎక్కినారో రాయాల.”

ఎందుకడుగుతోందో నాకు తెలుసు. పన్నెండేళ్ళ కిందట వాళ్ళ పేటలో ఒక పడవ తిరగబడింది. నలుగురు వెళ్ళారని ఒడ్డున ఉన్నవాళ్ళు చెప్పారు. నలుగురి కోసం వెతికారు. నలుగురూ దొరికారు, వెతకడం ఆపేశారు. దొరికినవాళ్ళెవరికీ స్పృహ లేదు. మర్నాడు మధ్యాహ్నం ఒకడికి తెలివొచ్చి, “అసిరయ్య ఏడీ?” అన్నాడు. అసిరయ్య నీలవేణి భర్త. కదిలిపోతున్న పడవలోకి ఆఖరి నిమిషంలో ఎక్కాడు. అప్పటికి వెతకడానికి ఏమీ మిగల్లేదు.

ఆ నెల నుంచే నీలవేణి రోజూ తెల్లారకముందే ఒడ్డున నిలబడి, వెళ్ళే పడవల్నీ ఎక్కిన మనుషుల్నీ పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. సంఘం ప్రెసిడెంటు లక్ష్ముడు ఒక కట్టుబాటు కూడా తెచ్చాడు: పడవకి ఐదుగురు, తక్కువ వద్దు, ఎక్కువ వద్దు. ఒకడు తక్కువైతే ఆ పడవకి ఆ రోజు వేట లేదు. పేట మొత్తం దాన్ని పాటిస్తోంది.

నేను సరేనన్నాను. డబ్బు మాటే లేదు. మంచిపని చేస్తున్నానన్న గర్వం మాత్రం కొంచెం ఉండేది.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి, విసుక్కోకండి. రూబీలో హాష్ అంటే అరల పెట్టె అనుకోండి. ప్రతి అర మీదా ఒక చీటీ ఉంటుంది, చీటీ పేరు చెబితే అరలో ఉన్నది చేతికొస్తుంది. ఒక అరలో ఇంకో అరల పెట్టె ఉండొచ్చు, దాన్లో మరొకటి. నేను పేట అనే పెట్టెలో పడవల్ని పెట్టాను. ఒక్కో పడవలో జట్టు అనే పెట్టె. జట్టు పెట్టెలో అరలు ఇవి: పడవ నడిపేవాడి పేరు, ఫోను నంబరు, కౌంటు, లైఫ్ జాకెట్లు, బయల్దేరిన వేళ.

లోపలి అరలో ఉన్నది కావాలంటే రూబీ మామూలు పద్ధతిలో ప్రతి మెట్టు దగ్గరా ఒక చదరపు బ్రాకెట్టు తెరవాలి, కొటేషన్ల మధ్య చీటీ పేరు రాయాలి, మూయాలి. వంటింట్లోంచి ఉప్పు తేవడానికి ప్రతి గదికీ గొళ్ళెం తీసి వేసినట్టుంటుంది. నాకంత ఓపిక లేదు. పడవ చుక్క జట్టు చుక్క కౌంటు అని వరసగా పిలిస్తే పలకాలి. చదవడానికీ ముచ్చటగా ఉంటుంది.

అలా పిలవడానికి రూబీలోనే ఒక దారి ఉంది. ఒక వస్తువుని దానికి తెలియని పేరు పెట్టి పిలిచారనుకోండి, అది వెంటనే తప్పని అరవదు. ఆఖరి ప్రయత్నంగా మెథడ్ మిస్సింగ్ అనే గుమ్మం దగ్గరకి ఆ పిలుపుని పంపుతుంది. ఆ గుమ్మంలో నేనొక కాపలా పెట్టాను. వచ్చిన పేరుతో అర ఉందేమో చూడ్డం, ఉంటే తీసి ఇచ్చెయ్యడం దాని పని. మొత్తం ఏడు వరుసలు. రాశాక నా వీపు నేనే చరుచుకున్నాను.

కౌంటు అన్న చీటీ మాత్రం నేను పెట్టింది కాదు, పేట పెట్టింది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని రొయ్యల వ్యాపారంలో కౌంటు అంటారు. ఆ మాట అక్కడి నుంచి పడవల్లోకీ ఎక్కేసింది. ‘పడవకి కౌంటెంత?’ అంటే ఎంతమంది ఎక్కారని. వాడేవాళ్ళ మాటే ప్రోగ్రాములోనూ ఉండాలని నా పట్టుదల, ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో అరకి అంటించాను.

జూన్‌లో వేట నిషేధం ముగిసిన రోజునే మొదలుపెట్టాం. సంఘం ఒక ఫోను కొని నీలవేణి చేతికిచ్చింది. పడవ పేరు మీద నొక్కి, ఎంతమందో అంకె నొక్కితే టిక్కు పడుతుంది. నొక్కిన అంకె మళ్ళీ కనపడదు, ఆ తెలివీ నాదే. సంఘం గదిలో గోడ మీద టీవీ తెర. పద్దెనిమిది పడవలు, ఒక్కోదాని పక్కన ఐదు, కింద మొత్తం తొంభై. చూడముచ్చటగా ఉండేది. “ఇంక పుస్తకం దేనికే నీలవేణీ, దాసీయ్,” అని లక్ష్ముడు అన్నాడట. ఆవిడ దాచేసింది.

నలభై రోజులు ఏ ఇబ్బందీ లేదు.

జులై ఆఖర్లో ఒక మంగళవారం అల్పపీడనం కబురొచ్చింది. సముద్రంలో ఎంతమంది ఉన్నారని జిల్లా నుంచి ఫోను. లక్ష్ముడు తెర చూసి తొంభై అని చెప్పేశాడు. ఒడ్డు నుంచి అప్పుడే వచ్చిన నీలవేణి, “తొంబై కాదు బావా, తొంబై ఒకటి. గంగులు పడవలో ఆరుగురు ఎల్లినారు,” అంది. తెర మీద గంగులు పడవకి ఐదు ఉంది. తెర మాట నమ్మాలా, మనిషి మాట నమ్మాలా అని ఎవరూ ఆలోచించలేదు. తెరనే నమ్మారు.

మధ్యాహ్నానికి పడవలన్నీ క్షేమంగా వచ్చేశాయి. ఆఖరున గంగులు పడవ వచ్చింది. అందులోంచి ఆరుగురు దిగారు. ఆరోవాడు ఈశ్వర్, ఇంజను మెకానిక్. కొత్త ఇంజను నీళ్ళ మీద ఏం చప్పుడు చేస్తోందో వినడానికి ఎక్కాడట. అసలు వేటగాడే కాదు కనక ఐదుగురి కట్టుబాటు తనకి వర్తించదనుకున్నాడు.

లక్ష్ముడు వెంటనే నాకు ఫోను చేశాడు. “ఏటమ్మా ఇది? ఒక మడిసిని తక్కువ సెప్పేసినాం. ఆడు నీలల్లో పడిపోయుంటే ఎతికే దిక్కు లేదు. మిసనులో ఏటైనా తేడా ఉన్నాదేటి?”

ఆ టైములో నేను కంపెనీ మీటింగులోంచి లేచి వచ్చాను, చిరాకులో ఉన్నాను. “మిషను సొంత తెలివి వాడదండీ. ఏది నొక్కితే అదే చూపిస్తుంది. ఐదు నొక్కి ఉంటారు,” అన్నాను.

అవతల స్పీకరు పెట్టారని నాకు తెలియదు. నీలవేణి గొంతు వినపడింది. “నాను ఆరే నొక్కినాను.”

“రోజూ ఐదు నొక్కే చెయ్యి కదా అప్పా, అలవాటుగా ఐదు మీదకే పోయుంటుంది.”

“పన్నెండేల్లు ఒడ్డున నిలబడినాను. ఐదుకీ ఆరుకీ తేడా తెల్దేటి నాకు?”

“కళ్ళజోడు మార్పించుకో అప్పా,” అన్నాను.

పక్కన ఎవరో నవ్వారు. గంగులు గొంతు కూడా వినపడింది, “ఒదినకి వొయసయిపోనాది, ఏటి సేస్తాది!” అని. సోమవారం నుంచి ఫోను యమునకి ఇచ్చేద్దామని లక్ష్ముడు అన్నాడు. యమున ఆ పేట పిల్లే, డిగ్రీ పాసయింది. మంచి ఆలోచనేనని నేను కూడా అన్నాను. అసిరయ్య సంగతి తెలిసి ఉండీ ఆ మాట అనగలిగాను. ఇప్పటికీ గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

మర్నాడు బుధవారం. నీలవేణి రాలేదు. పదకొండు దాటాక మా అత్తగారు నా గదిలోకొచ్చింది. నిన్నటి ఫోను ఆవిడ వినేసింది.

“నీలవేణి ఐదు నొక్కడం నువ్వు సూసినావా?”

“చూడక్కర్లేదత్తా. ఇంకోలా అవడానికి లేదు.”

“సూడకుండానే సెప్పీసినావన్నమాట. మరి నీకు మిసన్లెందుకు, జోతిస్కం సెప్పుకో.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం నేను. అయితే చూపిస్తానుండు అని, ఫోను నుంచి వచ్చిన ప్రతి అంకెనీ దాచుకునే చిట్టా తెరిచాను. మంగళవారం, తెల్లవారుజాము నాలుగూ ఇరవై. గంగులు పడవ. కౌంటు: ఆరు.

ఆరు నొక్కింది. ఆరే నొక్కింది.

అరలోనూ ఆరు భద్రంగా ఉంది. కానీ తెర ఐదు అంటోంది. ఒక ఉత్తుత్తి పడవ తయారుచేసి కౌంటు నలభై అని పెట్టాను. తెర ఐదు అంది. సున్నా పెట్టాను. ఐదు. ఖాళీగా వదిలేశాను. అప్పుడూ ఐదే.

అన్నం కూడా తినకుండా గంటసేపు తవ్వితే బయటపడింది. తీరా చూస్తే చిన్నపిల్లలు చేసే తప్పు. హాష్‌కి పుట్టుకతోనే కౌంట్ అనే పని ఒకటి తెలుసు. నాలో ఎన్ని అరలున్నాయి అని లెక్కపెట్టి చెప్పడం. చుక్క పెట్టి కౌంట్ అని పిలవగానే అది తననే అనుకుని పలికేస్తోంది. తెలియని పేరైతేనే కదా నా కాపలా దాకా వెళ్ళేది! ఇంటికొచ్చిన చుట్టానికీ ఇంటివాడికీ ఒకే పేరుంటే, గుమ్మంలోంచి పిలిస్తే ఇంటివాడే పలుకుతాడు. లోపల కూర్చున్న చుట్టానికి ఆ పిలుపే అందదు. బ్రాకెట్టు పెట్టి అడిగి ఉంటే అది నేరుగా అర తెరిచి, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేది.

జట్టు పెట్టెలో నేను పెట్టిన అరలు ఐదు. పడవలో ఎక్కే మనుషులూ ఐదుగురు. అందుకే నలభై రోజులూ పట్టుబడలేదు. నా పరీక్షలన్నీ కూడా ఐదుతోనే చేశాను.

సరిచేయడానికి నిమిషం పట్టింది. ‘చిన్న పొరపాటు, సరిచేశాను’ అని లక్ష్ముడికి మెసేజ్ టైపు చేసి, పంపే ముందు ఒకసారి చదువుకున్నాను. సిగ్గేసింది. చెరిపేశాను. నలుగురూ వింటుండగా అన్న మాటని ఫోనులో నాలుగు ముక్కలతో వెనక్కి తీసుకోవడం కుదరదు.

గురువారం సెలవు పెట్టి రెండు బస్సులు మారి వెళ్ళాను. భోగాపురంలో దిగి ఆటో ఎక్కాను. విమానాశ్రయం రోడ్ల పనుల వల్ల దారంతా ఎర్ర దుమ్ము. నీలవేణి ఇంటి ముందు ఇసకలో కవళ్ళ చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

“అప్పా, నువ్వు ఆరే నొక్కావు. తప్పు నాది.”

చేపని తిరగేసి రెండో వైపు ఎండకి పెట్టింది. “ఆరు నొక్కినానని నాకు తెలుసు. నాకు సెప్పడానికి ఇంత దూరం రావాలేటి?”

“క్షమించమని అడగడానికి వచ్చాను.”

“నన్ను అడిగితే ఏటవుతాది? నాను తప్పు నొక్కినానని ఎవులనుకున్నారో ఆలకి సెప్పు. రా.”

చేతులు కడుక్కుని ముందు నడిచింది. సంఘం గదిలో లక్ష్ముడు, గంగులు, ఇంకో పదిమంది దాకా ఉన్నారు. యమున ఫోను చేతిలో పట్టుకుని నేర్చుకుంటోంది. నేను నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. హాష్, మెథడు, చుక్క... నా నోట్లో మాటలు నాకే అర్థం కాలేదు.

“అంటే మిసను పాడయ్యిందేటి?” గంగులు అడిగాడు.

“మిషను బాగానే ఉంది. పాడు చేసింది నేను. నీలవేణప్ప ఆరు నొక్కింది. లోపల ఆరే ఉంది. నేను రాసింది దాన్ని చూడకుండా ఇంకోదాన్ని లెక్కపెట్టి ఐదు అని చూపించింది. ఆవిడ తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. చూడకుండానే ఆవిడ మీద తోసేశాను.”

లక్ష్ముడు గడ్డం గోక్కుని తెర వైపు చూశాడు. “అది సరేనమ్మా. మరి ఇన్నాల్లూ ఐదు, ఐదు అని సరిగ్గానే సూపించినాది గదా? మొన్న ఒక్క రోజే తప్పినాదేటి?”

నేను జవాబు చెప్పేలోపు నీలవేణి అందుకుంది. అందరికంటే ముందు ఆవిడకే అర్థమైంది.

“సరిగ్గా సూపించనేదు బావా. అది మడుసుల్ని సూడనేదు. ఐదు అన్నాది, మనోలు ఐదుగురే ఉన్నారు, కుదిరిపోనాది. నలుగురెల్లినా ఐదే అనును, ఒకుడూ తిరిగి రాకపోయినా ఐదే అనును. నలబై రోజులు మనోలు సంద్రంలోకి ఎల్లి ఒచ్చినారు. ఎవులూ లెక్కెట్టనేదు. నా పుస్తకం ఆపించీసినారు.”

గదిలో నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. నలభై రోజులు, రోజుకి తొంభై మంది. ఆ గోడ మీది అంకెలు చూసి పిల్లల్ని బడికి పంపిన ఆడవాళ్ళు ఎంతమందో. నేను నీలవేణి మాట ఒక్కటే పోగొట్టాననుకుని వచ్చాను.

“ఇప్పుడు సరిచేశాను. ఆరు నొక్కితే ఆరే వస్తుంది,” అన్నాను.

“అంకె వొద్దు,” అంది నీలవేణి. “ఆ యేడు కూడా నలుగురు అని అంకే సెప్పినారు. పేర్లు సదివుంటే మా ఆయన పేరు నేదని నానే అరుద్దును. పేర్లు రాసీలాగ సెయ్యి. సెయ్యగలవేటి?”

“చేస్తాను.”

“ఒకే పేరు ఇద్దరికి ఉంటాది ఇక్కడ. తండ్రి పేరు కూడా ఎట్టు.”

అలాగేనన్నాను. ఫోను నీలవేణికి ఇచ్చెయ్యమని లక్ష్ముడు యమునకి సైగ చేశాడు. యమున దాన్ని ఆవిడ చేతిలో పెట్టింది. నీలవేణి తీసుకుని, తిరిగి యమునకే ఇచ్చింది. “పేర్లు రాయడం నీకు బేగి వొస్తాది, నువ్వే రాయి. నాను పిలుస్తాను. నాను పిలిసినోడు పలికితేనే నువ్వు రాయాల.”

శుక్ర, శని, ఆదివారాలు దాని మీదే కూర్చున్నాను. ఏడు వరుసల కాపలాని తీసి పారేశాను. దాన్ని నమ్ముకుని రాసిన చోట్లు నలభై మూడు. అన్నిటిలోనూ చుక్కలు తీసి చదరపు బ్రాకెట్లు పెట్టాను. కౌంటు అనే అరనే తీసేశాను. దాని బదులు మనుషుల పేర్లు వరసగా ఉంటాయి. ఎంతమంది అని కావాలంటే ఆ పేర్ల వరసనే లెక్కపెట్టమని అడగాలి. ఈసారి ఒక పేరుతో, ముగ్గురితో, ఏడుగురితో, ఎవరూ లేకుండా, అన్ని రకాలుగా పరీక్షించాను. పక్కన కూర్చుని వేళ్ళు మడుస్తూ సరిచూసింది మా అత్తగారు.

సోమవారం తెల్లవారుజామున నేనూ ఒడ్డున ఉన్నాను. గాలి నెమ్మదిగా ఉంది. నీలవేణి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒక్కో పడవ దగ్గరా పేర్లు పిలిచింది. పిలిచినవాడు “ఆఁ” అంటే యమున రాసింది. పదిహేడు పడవలు వెళ్ళిపోయాయి. ఒక పడవలో ఒకడు పలకకుండా తల ఊపాడు. “నోరు నేదేటిరా?” అని కసిరింది, వాడు పలికాకే కదలనిచ్చింది.

ఆఖరుది గంగులు పడవ. నలుగురు ఎక్కి కూర్చున్నారు, పిలిచినప్పుడు పలికారు. గంగులు పడవని నీళ్ళలోకి తోశాడు, తనూ పలికాడు. ఇంక ఎక్కడమే తరువాయి. ఎక్కలేదు. అంచు పట్టుకుని, అలలు నడుముకి కొడుతుంటే అలాగే నిలబడ్డాడు. యమున ఫోను ఎత్తి అతని వైపు తిప్పి లెక్క చూపించింది. అతను దాని వైపు చూడలేదు.

“ఒదినా, ఎంతమందిమి?” అని కేకేశాడు.

నీలవేణి పడవలోకి ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది.

“ఐదుగురు. ఎల్లండి.”

అప్పుడు ఎక్కాడు.